మంచి మాట

బొమ్మ గిన్నెలు కడగడం కూడా ఆమె పనే. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటారు, వాటిలోకి తుమ్ముతారు, రంగునీళ్లు పోసి టీ అంటూ ఒకరికొకరు పోసుకుంటారు. అందుకని వారానికోసారి ప్లాస్టిక్ పళ్లేలూ గరిటెలూ బుల్లి కెటిలూ అన్నిటినీ సబ్బునీళ్లలో ముంచి, తోమి, తువ్వాలు మీద బోర్లించాలి. పొద్దున్నే ఇంట్లో అసలు గిన్నెలు తోమి వచ్చిన చేతులతోనే ఇక్కడ బొమ్మ గిన్నెలు తోమడం మొదట్లో ఆమెకి నవ్వు తెప్పించేది. పోను పోను ఆ నవ్వు రావడం మానేసింది.

సొంత ఊళ్లో ఆమె టీచరు. మూడో తరగతి. గదినిండా పిల్లలు, చెయ్యెత్తితే చాలు గప్‌చుప్‌మనే పిల్లలు. భర్త ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చాక ఆ డిగ్రీ ఇక్కడ చెల్లదన్నారు. టీవీ చూస్తూ, కూతుర్ని పార్కుకి తిప్పుతూ, బస్సులో పక్కవాళ్ల మాటలు వింటూ ఇక్కడి భాష పట్టుకుంది. చివరికి కూతురు చదివే చిన్నపిల్లల బడిలోనే సహాయకురాలిగా చేరింది. బూట్ల లేసులు కట్టడం, కుంచెలు కడగడం, పడినవాళ్లని లేపడం, ఏడ్చేవాళ్లని ఎత్తుకోవడం. చదువు చెప్పేది పెద్ద టీచరు. "మా ఆవిడది ముక్కులు తుడిచే ఉద్యోగం" అంటాడు భర్త, నలుగురిలో, నవ్వుతూ. అతను ఏదన్నా నవ్వుతూనే అంటాడు. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. ఆ సంగతి తనే అప్పుడప్పుడూ గుర్తుచేస్తాడు కూడా. "ఏనాడన్నా నీ మీద చెయ్యెత్తానా?" లేదు. నిజమే. ఎత్తలేదు.

ఆ రోజు ఆమె మోచేతుల దాకా సబ్బునీళ్లలో ఉండగా, గది మధ్యలో పెద్ద టీచరు నాటకం ప్రాక్టీసు చేయిస్తోంది. బడి ఏడాది ముగింపు కార్యక్రమానికి వీళ్ల తరగతి 'మా ఇల్లు' అని ఒక చిన్న నాటకం వేస్తోంది. రాసిన డైలాగులేమీ లేవు. ఇంట్లో ఏం జరుగుతుందో పిల్లలే చేసి చూపించాలి, వాళ్ల ఇంటి భాషలోనే మాట్లాడాలి. అదీ పెద్ద టీచరు ఆలోచన. మంచి ఆలోచనే.

ఉంగరాల జుట్టు పిల్ల అమ్మ అయింది. ఆమె కూతురు చిట్టి, "నేను నాన్న" అని చెయ్యెత్తి మరీ అడిగి తీసుకుంది. బుల్లి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది. ఒక చెక్కముక్కని ఫోనులా పట్టుకుని బొటనవేలితో పైకి తోసింది. ఉంగరాల పిల్ల పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. చిట్టి తలెత్తలేదు. ఉత్తుత్తి ముద్ద ఒకటి నోట్లో పెట్టుకుని, ఆగి, పళ్లేన్ని ఒక్క వేలితో కొంచెం అవతలికి జరిపింది. అప్పుడు తలెత్తింది. పెదవి ఒక పక్కకి లేచింది. మెత్తగా, దాదాపు పాటలా అంది:

"అసలు బుర్రుందా నీకు?"

ఆ గొంతు, ఆ విరుపు, చివర ఆ చిన్న నవ్వు. అచ్చు గుద్దినట్టు.

పిల్లలంతా గొల్లున నవ్వారు. మాట అర్థమై కాదు, చిట్టి ముఖం చూసి. పెద్ద టీచరు చప్పట్లు కొట్టింది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! పాటలా ఉంది. ఏమంది?" అంటూ సింకు వైపు తిరిగింది.

ఆమె చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. పెద్ద టీచరు ముఖంలో నిజంగానే ప్రేమ ఉంది, తెలుసుకోవాలన్న సరదా ఉంది. నాలుక దానంతటదే కదిలింది.

"'వంట ఎంత బాగుందో' అంటోంది."

"అయ్యో, ఎంత మంచి నాన్న!" అంది పెద్ద టీచరు.

ఆ అబద్ధం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలు వరసగా బడి వంటామె ముందు నిలబడి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, "అసలు బుర్రుందా నీకు!" అని అరిచారు. ఆ మాట అర్థమేమిటో పెద్ద టీచరు విప్పి చెప్పింది. ఎన్నేళ్లనుంచో ఆ వంటగదిలో చెమటోడుస్తున్న మనిషి, ఒక్క మెప్పు ఎరగని మనిషి, గరిటె పట్టుకున్న చేతిని గుండెకి ఆనించుకుంది. కళ్లు చెమర్చాయి. అందరికీ ఒక్కో గరిటె ఎక్కువ వడ్డించింది. మర్నాటి నుంచీ పొద్దున్నే వరండా ఆ చివరినుంచి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఆమెకి ఆ మాటతోనే నమస్కారం చెప్పడం మొదలుపెట్టింది.

"అసలు బుర్రుందా నీకు!"

ఇంట్లో ఒకసారి, బళ్లో ఒకసారి. ఆమె రెండు చోట్లా నవ్వింది.

ఆ ప్రాక్టీసు రోజు సాయంత్రమే చిట్టికి జుట్టు చిక్కు తీస్తూ, ఊరికే అడిగినట్టు అడిగింది. "ఆ మాట ఎందుకన్నావే, నాటకంలో?"

"నాన్న అంటారుగా."

"అది... అది అంత బాగోదమ్మా. 'వంట బాగుంది' అను. సరేనా?"

చిట్టి తల తిప్పి చూసింది. దువ్వెన జుట్టులోనే చిక్కుకుపోయింది. "నాన్న ఎప్పుడూ అలా అనరు కదా?"

"అనకపోతేనేం. నాటకమేగా."

"ఆ మాట మంచిదే అమ్మా. నాన్న అంటే నువ్వు నవ్వుతావుగా?"

ఆమె దువ్వెన తీయడం మర్చిపోయింది. మరి ఇన్నేళ్లూ ఏం చేసింది తను? కూరలో ఉప్పు తక్కువైతే ఆ మాట. బిల్లు కట్టడం మర్చిపోతే ఆ మాట. మ్యాపు తప్పు చూసి దారి తప్పిస్తే, స్నేహితుల ముందు ఏదో ఒక అభిప్రాయం చెప్తే, చొక్కా ఇస్త్రీలో మడత పడితే, అదే మాట. ప్రతిసారీ తను నవ్వింది. ఎదుట ఎవరన్నా ఉంటే ఇంకొంచెం ఎక్కువ నవ్వింది, ఇది మా ఇద్దరి మధ్య ముచ్చట అన్నట్టు. "వాడికి నోరే గానీ మనసు వెన్న" అని అత్తగారు ఫోనులో అన్నప్పుడు అవునత్తయ్యా అంది. అల్లుడు బాగా చూసుకుంటున్నాడా అని అమ్మ అడిగితే బంగారంలా అంది. పెద్ద టీచరుకి చెప్పిన అబద్ధం మొదటిది కానే కాదు. పక్కన ఇంతెత్తు పిల్ల ఒకతె నిలబడి, అమ్మ ముఖం చూసి మాటలకి అర్థాలు నేర్చుకుంటోందని తనకి తట్టనే లేదు. రేపు దీన్నెవరన్నా ఆ మాటంటే ఇదీ నవ్వుతుంది. లేదా ఇదే ఇంకొకరిని అంటుంది, ముద్దుగా.

"నొప్పమ్మా, లాగకు" అంది చిట్టి.

మర్నాడు పెద్ద టీచరు ఇంకో ఆలోచనతో వచ్చింది. నాటకం చివర పిల్లలంతా వరసగా నిలబడి, చేతులు పట్టుకుని, ఆ మాటే ముక్తకంఠంతో అంటారు. "ఇంట్లో వండిపెట్టే వాళ్లందరికీ థాంక్స్ చెప్పినట్టు ఉంటుంది. తర్వాత మీరు మైకు తీసుకుని దాని అర్థం చెప్పాలి. మీరే. ఇన్నాళ్లూ మీరు వెనకాలే ఉండిపోయారు, అది నాకేం బాగోలేదు."

"వేరే మాటేదన్నా పెడదామా?" అంది ఆమె. "ఇంకా తేలికైనవి ఉన్నాయి..."

"వద్దు వద్దు. పిల్లలకి ఇదే నచ్చింది. అయినా ఇది మీ ఇంటి మాట కదా!"

నోటి దాకా వచ్చింది. ఇది మెచ్చుకోలు కాదండీ, నన్ను తిట్టే తిట్టు. ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం చెప్పాక పెద్ద టీచరు కళ్లలో ఆ ఆదరం పోయి జాలి వస్తుంది. అదిగో ఆ దేశపు ఆడవాళ్లు, పాపం, అనుకుంటుంది. ఇంటిగుట్టు, పరువు, మనవాళ్ల గురించి వీళ్లేమనుకుంటారు... అత్తగారి గొంతు, అమ్మ గొంతు, ఎవరెవరివో గొంతులన్నీ కలిసి ఆమె నోటికి అడ్డం పడ్డాయి. "సరేనండీ" అంది.

చిట్టి నోట ఆ మాట మానిపించాలంటే ఇక దారి ఒక్కటే మిగిలింది. భోంచేస్తుండగా భర్తతో అంది. "ఏవండీ, ఆ మాట అనడం మానేయకూడదూ? చిట్టి ముందైనా."

"ఏ మాట?" అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా.

"అదే... బుర్రుందా అని."

అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "నేనా? ఎప్పుడన్నాను?" అని కాసేపు ఆలోచించి నవ్వేశాడు. "దాన్ని కూడా పట్టించుకుంటే ఎలాగే. సరదాకి అంటాను. ముక్కులు తుడిచీ తుడిచీ నీ మనసూ చిన్నపిల్లల మనసైపోయింది." అంతలోనే ఇంకేదో గుర్తొచ్చి హుషారయ్యాడు. "అవునూ, చిట్టి నాటకంలో మన భాషలో మాట్లాడుతుందట కదా? డాక్టరుగారిని పిలిచాను. ఆయనా ఆవిడా వస్తామన్నారు. స్టేజీ మీద మన భాష! చిన్న విషయమా?"

ఈ ఊళ్లో ఉన్న మనవాళ్ల కుటుంబాల్లో డాక్టరుగారిదే పెద్దరికం. ఎవరింట్లో ఏం జరిగినా ఆయన రాక కోసం కాచుకుంటారు. ఆయన భార్య ఎప్పుడూ ఆయన వెనక ఒక అడుగు దూరంలో, ఖరీదైన చీరలో, ఏమీ మాట్లాడకుండా ఉంటుంది. భర్త మాట వింటూనే ఆమె చేతిలో ముద్దని పళ్లెంలో పెట్టేసింది. "ఏంటండీ మీరు, వాళ్లనెందుకు..." అంది.

"నీకేంటి భయం? మాట్లాడేది అది కదా."

అనుకున్న రోజు వచ్చింది. మధ్యాహ్నం నుంచే ఆమె హాల్లో కుర్చీలు వేసింది, అట్టముక్కలతో చేసిన ఇంటిని నిలబెట్టింది, దాని తలుపు ఊడిపోతే టేపు అంటించింది. పిల్లలకి మీసాలు దిద్దింది, తలలకి ముసుగులు కట్టింది. చిట్టికి దిద్దుతుంటే మీసం వంకరపోయింది. "'వంట బాగుంది' అను తల్లీ. నా బంగారం కదూ" అని చెవిలో మరోసారి చెప్పింది. పిల్ల కళ్లప్పటికే తెర వైపు ఉన్నాయి.

హాలు నిండింది. రెండో వరసలో భర్త, ఫోను ఎత్తి పట్టుకుని వీడియోకి సిద్ధంగా. పక్కన డాక్టరుగారు, ఆ పక్కన ఆవిడ. గోడవార వంటామె, ఏప్రన్ తీసేసి శుభ్రమైన బట్టలు కట్టుకుని వచ్చింది. తనేమో స్టేజీ పక్క మెట్టు మీద, మైకు చేతుల్లో పెట్టుకుని నిలబడింది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వాళ్ల వాళ్ల ఇళ్లు చూపించారు. ఒకడు తాతలా దగ్గాడు, ఒకతె ఎవరితోనో ఫోనులో పోట్లాడింది. జనం హాయిగా నవ్వుతున్నారు. అప్పుడు చిట్టి వచ్చి కుర్చీలో వెనక్కి వాలింది. కాలు మీద కాలు వేసుకుంది. చెక్కముక్క పైకి తోసింది. భర్త పెద్దగా నవ్వాడు. "నేనే! నన్నే చేస్తోంది!" అని డాక్టరుగారికి చెప్పడం ఆమెకి ఇక్కడిదాకా వినబడింది.

పళ్లెం వచ్చింది. చిట్టి ఉత్తుత్తి ముద్ద మింగింది. వేలితో పళ్లేన్ని జరిపింది. తలెత్తి ఒక్క క్షణం మెట్ల వైపు, తల్లి వైపు చూసింది. నేర్పిన మాట గుర్తు తెచ్చుకుంటోందని ఆమెకి అర్థమైంది. ఆ చిన్ని నుదురు ముడిపడింది. అబద్ధమాడడానికి పిల్లలు పడే కష్టం అది. ఆ తర్వాత ముడి విడిపోయింది.

"అసలు బుర్రుందా నీకు?"

డాక్టరుగారు పక్కున నవ్వి చప్పున ఆపుకున్నారు. భర్త చేతిలో ఫోను మెల్లగా కిందికి దిగింది. ఇంకెవరికీ ఏమీ తెలియదు, అందరూ ముచ్చటపడి చూస్తున్నారు. డాక్టరుగారి భార్య మాత్రం స్టేజీని చూడడం లేదు. తిన్నగా మెట్టు మీద ఉన్న ఆమెనే చూస్తోంది.

పిల్లలంతా పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నారు. పెద్ద టీచరు చెయ్యి ఊపింది. అన్ని లేత గొంతులూ ఒక్కటై హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచాయి. మీసాలూ ముసుగులూ అన్నీ ఆ మాటే అన్నాయి, ఎంతో ప్రేమగా, నవ్వుతూ. చప్పట్లు మోగాయి.

"ఇప్పుడు దీని అర్థం మా సహాయకురాలు చెప్తారు" అంది పెద్ద టీచరు.

మెట్టు మీంచి చూస్తే అందరూ కనిపిస్తున్నారు. భర్త తల చిన్నగా ఆడిస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించు అని. పెదాల మీద ఆ నవ్వు ఉంది, పాలిపోయి. చెప్పాల్సిన అబద్ధం నాలుక మీద తయారుగా ఉంది. వంట ఎంత బాగుందో. అంతే. అందరూ ఇంటికెళ్లిపోతారు. కానీ వరస మధ్యలో, వంకర మీసంతో, చిట్టి తన ముఖంకేసే చూస్తోంది. ఎదురుచూస్తోంది. నవ్వు కోసం.

ఆమె నవ్వలేదు.

"ఈ మాటకి వంట బాగుందని అర్థం కాదు" అంది ఇక్కడి భాషలో. మైకులో తన గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. తరగతి గదిలో గొంతు అది. "నేను అబద్ధం చెప్పాను. 'నీకసలు తెలివుందా' అని దీని అర్థం. మా ఇంట్లో నన్ను అనే మాట. అన్నప్పుడల్లా నేను నవ్వేదాన్ని. అందుకని మా అమ్మాయి ఇది మంచి మాటనుకుంది. పిల్లల తప్పేం లేదు. వాళ్లు చాలా బాగా చేశారు. దయచేసి వాళ్లకి ఇంకోసారి చప్పట్లు కొట్టండి."

గోడవార నుంచి వంటామె కొట్టింది మొదట. ఆ తర్వాత ఒకరూ ఇద్దరూ, మెల్లగా అందరూ. అది అంతకుముందు మోగిన చప్పట్ల లాంటిది కాదు.

ఆమె మైకు పెట్టేసి స్టేజీ ఎక్కి, చిట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నేను తప్పు మాటన్నానా?" అంది చిట్టి.

"నీకు తెలియదుగా తల్లీ. ఆ మాటంటే నాకు బాధేస్తుంది."

"మరెందుకు నవ్వావు?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు. తనే తనని అడుక్కోలేదు. "భయమేసి" అంది.

చిట్టి ఆలోచించింది. "నాకు భయమేస్తే నేను ఏడుస్తాను" అంది. తర్వాత ఉంగరాల పిల్ల వచ్చి బిస్కెట్లు ఇస్తున్నారని చెప్తే చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది.

పెద్ద టీచరు వచ్చి ఎదురుగా నిలబడింది. చేతులు నలుపుకుంది. "నాకు ముందే చెప్పాల్సింది" అంది చివరికి.

"చెప్పాల్సింది" అని ఒప్పుకుంది ఆమె. పెద్ద టీచరు కళ్లలో తను భయపడినంత జాలి లేదు. సిగ్గు ఉంది, కొంచెం కోపం కూడా ఉంది. అది నయమనిపించింది. వంటామె దగ్గరికి వచ్చి "రోజూ పొద్దున్నే నేను నిన్ను..." అని నోరు మూసేసుకుంటే, ఆమే ఆవిడ భుజం తట్టింది.

భర్త వరండాలో నిలబడి ఉన్నాడు. దాటిపోయే వాళ్లందరికీ తలూపుతున్నాడు. పెదాలు నవ్వుతూనే ఉన్నాయి, మాటలు పళ్ల మధ్యనుంచి వచ్చాయి. "పద ఇంటికి. డాక్టరుగారి ముందు నా పరువు తీశావు. పద, మాట్లాడుకుందాం."

"మీరు కార్లో కూర్చోండి. నాకింకా పనుంది."

"పనా? ఏం పని? కుర్చీలు సర్దడమా?"

"అవును. కుర్చీలు సర్దాలి."

అతను ఇంకేదో అనబోయాడు. మామూలుగా ఇక్కడే ఆ మాట రావాలి. దాటి వెళ్తున్న తల్లి ఒకావిడ ఆగి అతని నోటి వైపే చూసింది. అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో ఆమెకి తెలియదు. మౌనమా, అరుపులా, అత్తగారికి ఫోనా, రాత్రంతా మూసిన తలుపా. ఏదైనా కావచ్చు. కానీ ఏది జరిగినా నవ్వకూడదని మాత్రం తేల్చుకుంది. ఆ ఒక్క పనీ ఇక చెయ్యదు.

ఖాళీ హాల్లోకి వచ్చి కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ మూల చిట్టీ ఉంగరాల పిల్లా అట్టల ఇంట్లో దూరి బిస్కెట్లు తింటున్నారు. ఎదుటి వరసలో ఎవరో కుర్చీ ఎత్తిన చప్పుడైంది. తలెత్తి చూస్తే డాక్టరుగారి భార్య. చీర కొంగు నడుముకి బిగించి, కుర్చీ మోసుకొచ్చి, దొంతర మీద పెడుతోంది.

"అయ్యో, మీకెందుకండీ" అంది ఆమె.

ఆవిడ ఇంకో కుర్చీ తెచ్చింది. అదీ పెట్టింది. దాని వీపు మీదనుంచి చెయ్యి తీయకుండా నిలబడింది. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు సరిగ్గా వినడం ఇదే మొదటిసారి.

"మా ఇంట్లో అనే మాట వేరు" అంది.

బయట కారు హారను మోగింది. ఒకసారి ఆగి, మళ్లీ గట్టిగా మోగింది. ఆమె దొంతర మీంచి రెండు కుర్చీలు దింపి ఎదురెదురుగా వేసింది.

"కూర్చోండి" అంది.